ఐపీ మారిపోతుందన్న తప్పుడు ధైర్యం

ఇంటి ఇంటర్నెట్‌కి కంపెనీ ఇచ్చే ఐపీ అడ్రస్ గంటకోసారి మారిపోతుందని, అందువల్ల ఆ ఇంటి నుంచి ఎవరు ఏం పోస్టు చేశారో ఎవరూ కనిపెట్టలేరని ఒక ప్రచారం ఒమన్‌లోని మనవాళ్ల మధ్య తిరుగుతోంది. పెట్టదలచుకున్నది పెట్టేసి రౌటర్ ఒకసారి ఆపి మళ్లీ వేస్తే చాలట, పాత అడ్రస్ పోయి కొత్తది వస్తుందట, ఇక మన జోలికి ఎవరూ రారట. రౌటర్ పేజీ తెరిస్తే లీజు టైమ్ 3,600 సెకన్లని కనిపిస్తుంది కాబట్టి చెప్పేవాడి మాటకు రుజువు దొరికినట్టే ఉంటుంది. ఆ ధైర్యంతోనే మతాన్ని కించపరిచే వీడియోలు, పక్కగది మనిషి ఫొటోలు, ఎవరి మీదో బూతులు గ్రూపుల్లోకి పోతున్నాయి. ఒమన్ సైబర్ నేరాల చట్టం, అంటే 12/2011 రాజశాసనం, ఇలాంటివాటిని తేలిగ్గా తీసుకోదు. శాంతిభద్రతలకు, మతవిలువలకు భంగం కలిగించే విషయాన్ని నెట్‌లో తయారుచేసినా, పంచినా 19వ అధికరణం కింద నెల నుంచి మూడేళ్ల దాకా జైలు, 1,000 నుంచి 3,000 రియాళ్ల దాకా జరిమానా, లేదా ఈ రెండింటిలో ఒకటి. నిర్మాణ పనికో, ఇంటి పనికో వచ్చినవాళ్లకు ఆ జరిమానాలో కనిష్ఠమే ఎన్ని నెలల జీతమో వాళ్లకే తెలుసు. ఇంత ప్రమాదాన్ని ఒక లీజు అంకె మీద భరోసాతో నెత్తికెత్తుకోవడం చూస్తే బాధ కలుగుతుంది. ఆ అంకెకు అర్థం వాళ్లు అనుకుంటున్నది కానే కాదు.

లీజు గడువు అంటే అడ్రస్ మారే గడువని ఎవరు చెప్పారో గానీ, నెట్‌వర్క్‌లో అడ్రస్‌లు పంచే పద్ధతిని నిర్దేశిస్తూ 1997లో ఖరారైన డీహెచ్‌సీపీ ప్రమాణం చెప్పేది వేరు. ఆ గడువులోగా రౌటర్ మళ్లీ అడిగి పొడిగించుకోవాలి, అంతే. గంట లీజైతే రౌటర్ సాధారణంగా అరగంటకే కంపెనీ సర్వర్‌ను పలకరించి, ఉన్న అడ్రస్‌నే కొనసాగించమని కోరుతుంది. అక్కడి నుంచి జవాబు రాకపోతే 52న్నర నిమిషాల దగ్గర, ఏ సర్వర్ అయినా సరే పలకమని అందరినీ కలిపి అడుగుతుంది. మామూలు పరిస్థితిలో మొదటి అడుగులోనే పని అయిపోతుంది, పాత అడ్రస్సే కొనసాగుతుంది. గంట లీజు మీద ఒకే అడ్రస్ నెలల తరబడి ఉండిపోవడంలో వింతేమీ లేదు. రౌటర్‌ను ఆపి, లీజు ముగిశాక మళ్లీ వేసినా సరే, ఈ కనెక్షన్‌కు ఇంతకుముందు ఇచ్చిన అడ్రస్ ఖాళీగా ఉంటే దాన్నే ఇవ్వడం మంచిదని ఆ ప్రమాణమే సూచిస్తోంది. కాబట్టి రౌటర్ ఆపి వేసినంత మాత్రాన అడ్రస్ మారుతుందన్న పూచీ లేదు.

సరే, మారిందే అనుకుందాం. ఆపి వేశాక వేరే అంకె కనిపించిందని స్క్రీన్‌షాట్ తీసి చూపించేవాళ్లు ఉన్నారు. అది నిజమే కావచ్చు. దాంతో జాడ చెరిగిపోయిందనుకోవడం మాత్రం పచ్చి అపోహ. లాడ్జిలో గది ఖాళీ చేసినంత మాత్రాన రిజిస్టర్‌లోంచి మన పేరు కొట్టేయరు. కంపెనీ దగ్గర లీజు వేరు, ఆ లీజు ఎవరికి, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఇచ్చారన్న చిట్టా వేరు. లీజు ముగిస్తే అడ్రస్ తిరిగి ఉమ్మడి కుప్పలోకి పోతుంది. చిట్టాలోని వరుస మాత్రం, కంపెనీ దాన్ని ఎంతకాలం దాచాలనుకుంటే అంతకాలం ఉంటుంది. పైగా ఆ వరుసలో రౌటర్ గుర్తు ఒక్కటే ఉండదు. అడ్రస్ అడిగే ప్రతి విన్నపానికీ అది ఏ లైను మీద నుంచి వచ్చిందో కంపెనీ పరికరమే జోడించి పంపే పద్ధతి ప్రమాణాల్లోకి 2001లోనే వచ్చింది. రౌటర్ మార్చినా, దాని గుర్తు మార్చినా ఫైబర్ వచ్చి చేరే గోడ మారదు కదా. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టి లాగిన్ అయ్యే రకం కనెక్షన్ అయితే సెషన్ ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ముగిసిందో, ఆ సమయంలో ఏ అడ్రస్ ఇచ్చారో మరో సర్వర్‌లో నమోదవుతుంది. మీరు రౌటర్ ఆపిన క్షణం, మళ్లీ వేసిన క్షణం కూడా అందులో పడతాయి. దాక్కోవడానికని చేసిన పని ఇంకో రెండు వరుసల ఆధారాన్ని పెంచడమే అవుతుంది.

ఇంతకీ కంపెనీలు లీజును అంత కురచగా ఎందుకు పెడతాయి? ఎక్కువగా, అడ్రస్‌ల కొరత వల్ల. పాతకాలపు ఐపీవీ4లో మొత్తం అడ్రస్‌లే సుమారు 430 కోట్లు. ప్రపంచస్థాయి నిల్వ 2011 ఫిబ్రవరి 3న ఖాళీ అయింది. యూరప్‌తో పాటు ఒమన్‌కు కూడా అడ్రస్‌లు పంచే రైప్ సంస్థ దగ్గర మిగిలిన చివరి భాగం 2019 నవంబర్ 25న అయిపోయింది. ఆపేసి ఉన్న రౌటర్ల పేరిట అడ్రస్‌లు రోజుల తరబడి ఇరుక్కుపోకుండా, త్వరగా వెనక్కి వచ్చి ఇంకొకరికి అందేందుకు లీజు తగ్గిస్తారు. నెట్‌వర్క్‌లో మార్పులు చేసేటప్పుడు కొత్త అమరిక అందరికీ త్వరగా చేరడానికి కూడా ఇది పనికొస్తుంది. వాడేవాడిని దాచిపెట్టాలన్న ఉద్దేశం ఇందులో ఎక్కడా లేదు.

ఇక్కడ కొంచెం తెలిసినవాళ్లు లేవనెత్తే అభ్యంతరం ఒకటి ఉంది, దానికి జవాబు చెప్పాలి. ఒకే బయటి అడ్రస్‌ను ఎన్నో ఇళ్లు పంచుకునే పద్ధతి ఇప్పుడు మామూలైంది, ముఖ్యంగా మొబైల్, 5జీ కనెక్షన్లలో. రౌటర్‌లో 100.64తో మొదలయ్యే అడ్రస్ కనిపిస్తే మీరూ ఆ గుంపులో ఉన్నట్టే. ఇంతమంది వెనుక మనల్ని వేరుచేసేది ఎలా అని అడుగుతారు. పోర్ట్ నంబరుతో, అంటే అడ్రస్‌తో పాటు ప్రతి కనెక్షన్‌కూ ఉండే అంకెతో, వేరుచేస్తారు. అడ్రస్ ఉమ్మడిదైనా, ఆ క్షణంలో ఏ పోర్ట్ ఏ ఇంటికి కేటాయించారో నమోదు చేసుకునే వీలు కంపెనీకి ఉంటుంది. అందుకే వెబ్‌సైట్లు అడ్రస్‌తో పాటు పోర్ట్‌ను, ఖచ్చితమైన సమయాన్ని కూడా రాసుకోవాలని 2011లోనే సిఫారసు వచ్చింది. అన్ని సైట్లూ అలా చేయవు, అదీ నిజమే. ఉమ్మడి అడ్రస్‌ల వల్ల దర్యాప్తులు కష్టమవుతున్నాయని యూరోపోల్ 2017లో బాహాటంగానే ఫిర్యాదు చేసింది. అయితే ఆ కష్టం మిమ్మల్ని కాపాడుతుందనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. పోర్ట్ లేకపోతే అనుమానం ఒక ఇంటి మీద కాక పది ఇళ్ల మీద పడుతుంది, ఏ పాపం తెలియనివాడు కూడా ఆ పదిలో ఉంటాడు. సమయం సంగతి ఇంకా సున్నితం. ఒమన్ గడియారం ఇండియా కంటే గంటన్నర వెనుక ఉంటుంది. హైదరాబాద్‌లో రాసుకున్న ఫిర్యాదులో భారత కాలమానం ఉండి, దాన్ని ఎవరైనా ఒమన్ సమయంగా చదివితే, గంట లీజు ఉన్న చోట ఆ అడ్రస్ అప్పటికి మరొకరి చేతిలో ఉండవచ్చు. కురచ లీజు తప్పు చేసినవాడికి ముసుగు వేస్తుందో లేదో గానీ, తప్పు చేయనివాడి తలుపు తట్టించే ప్రమాదం మాత్రం తెస్తుంది.

ఒమన్‌లో మనవాళ్లు బతికే తీరులో ఈ ప్రమాదం రెట్టింపు. రూవిలోనో, గుబ్రాలోనో ఒక ఫ్లాట్‌లో ఎనిమిది మంది ఉంటే కనెక్షన్ ఒకరి రెసిడెంట్ కార్డు మీదే ఉంటుంది. మిగిలినవాళ్లు నెలనెలా తమ వంతు డబ్బులిచ్చి వైఫై వాడుకుంటారు. కంపెనీ చిట్టా ఆ ఒక్కడి పేరు దాకానే వస్తుంది. గదిలో ఏ ఫోన్‌కు ఏ అడ్రస్ వెళ్లిందన్నది రౌటర్‌లో ఉండే చిన్న జాబితా, రౌటర్ ఆపి వేస్తే అదీ మిగలకపోవచ్చు. అంటే గదిలో ఎవడో తెలివి ప్రదర్శించి రౌటర్ ఆపి వేసినప్పుడు, బయటి చిట్టాలో కనెక్షన్‌దారు పేరు భద్రంగానే ఉంటుంది, తాను కాదని అతను చెప్పుకోవడానికి పనికొచ్చే లోపలి ఆధారమే చెరిగిపోతుంది. తోటివాడికి ఇంతకన్నా అన్యాయం ఏముంటుంది?

ఇదంతా అడ్రస్ ఒక్కదాని గురించే. దర్యాప్తుకు చాలాసార్లు అడ్రస్ దాకా వెళ్లే పనే ఉండదు. వాట్సాప్ నంబరు వెనుక సిమ్ ఉంది, ఆ సిమ్ వెనుక రెసిడెంట్ కార్డు ఉంది, గ్రూపులో మెసేజ్ చూసిన వంద మందీ ఉన్నారు. 2020 ఏప్రిల్‌లో ఒమన్ రాజకుటుంబానికి చెందిన మోనా బింత్ ఫహద్ పేరుతో ఒక ట్విటర్ ఖాతా, భారతీయ కార్మికులను పంపించేస్తారన్నట్టు రాసి కలకలం రేపింది. ఆ ఖాతా తనది కాదని ఆవిడే స్పష్టం చేశారు. అంతకుముందు అది వేరే పేరుతో నడిచిన సంగతిని పాత ట్వీట్ల జాడలతో మామూలు జనమే పట్టుకున్నారు. ఏ ఐపీ లీజూ అక్కడ అడ్డు రాలేదు.

చిన్న అపోహలకు ఎక్కువ మాటలు అక్కర్లేదు. లీజు కురచైతే స్పీడు తగ్గదు, పొడిగించుకునే విన్నపం పరిమాణం కొన్ని వందల బైట్లే. డీఎన్ఎస్‌లో 8.8.8.8 పెడితే లీజు మారదు. స్టాటిక్ ఐపీ కొనుక్కున్నా ఆగిన వాట్సాప్ కాల్స్ మొదలు కావు, అది టెలికాం అనుమతులకు సంబంధించిన విషయం. పిన్నుతో పొడిచే రీసెట్ రంధ్రం జోలికి అసలు పోవద్దు, లాగిన్ వివరాలతో సహా కంపెనీ పెట్టిన అమరిక అంతా చెరిగిపోయి, వాళ్ల మనిషి వచ్చేదాకా నెట్ ఉండకపోవచ్చు. లీజు వల్ల నెట్ పోతుందన్న ఫిర్యాదును మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేను. పొడిగింపు కోసం అడిగినప్పుడు కంపెనీ సర్వర్ గంటపాటు మూగబోతే, గంట లీజు ఉన్న రౌటర్ నియమం ప్రకారం అడ్రస్‌ను వదిలేయాలి. అదే రోజు లీజైతే ఆ ఇంట్లో ఎవరికీ తెలిసేది కూడా కాదు. ఆఫీసు పని ఇంటి నుంచి చేసేవాళ్లకు ఇది నిజమైన ఇబ్బందే. సర్వర్ మూగబోవడమే అసలు జబ్బు అన్న మాట నిజమైనా, కురచ లీజు దాన్ని ముందుగా బయటపెడుతుందని ఒప్పుకోవాలి. నెట్ పోయిన సమయాలు రాసిపెట్టుకుని కంపెనీకి ఫిర్యాదు చేయండి, పట్టించుకోకపోతే టెలికాం నియంత్రణ సంస్థ టీఆర్ఏ ఉంది.

కనెక్షన్ తమ పేరు మీద ఉన్నవాళ్లు చేయాల్సింది మరికొంత ఉంది. గదిలోంచి ఒకరు ఖాళీ చేసి వెళ్లిన రోజే వైఫై పాస్‌వర్డ్ మార్చండి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. కొత్తగా చేరినవారికి, ఈ లైను మీద జరిగేదానికి ముందు మిమ్మల్నే అడుగుతారని మొహమాటం లేకుండా చెప్పండి. ఊరికి పూర్తిగా వెళ్లిపోయేటప్పుడు మిగిలిన నెలల డబ్బు దండగవుతుందని కనెక్షన్‌ను అలాగే గదిలో తర్వాతివాళ్లకు వదిలేయడం చాలామందికి అలవాటు. ఆ పని చేయకండి. వీసా రద్దు కాకముందే కంపెనీ కౌంటర్‌కు వెళ్లి, బకాయి కట్టి, లైనును మూసేయించుకోవడమో, కొత్తవారి కార్డు మీదకు మార్పించడమో చేసి, అందుకు రసీదు తీసుకుని విమానం ఎక్కండి.