డార్క్‌నెట్‌లో ‘ట్రస్టెడ్ సెల్లర్’ అంటే ఎవరు?

డార్క్‌నెట్ సైట్లలో అమ్మేవాడి పేరు పక్కన స్టార్లు, ‘వెరిఫైడ్’ ముద్ర, వందల మెచ్చుకోలు కామెంట్లు ఉంటాయి. ఏది కొన్నా రేటింగ్ చూసే మన పిల్లలు అక్కడా అదే లెక్క వేస్తారు. కానీ ఆ ముద్ర వేసేది పేరూ ఊరూ తెలియని సైటు ఓనరే. కామెంట్లు అమ్మేవాడే రాసుకుని ఉండొచ్చు.

అక్కడ గట్టిగా చెప్పే మాట ‘ఎస్క్రో’. సరుకు చేరేదాకా డబ్బు సైటు దగ్గర అమానత్‌గా ఉంటుందట. అమానత్ పెట్టుకున్నవాడే పారిపోతే? 2015 మార్చిలో ‘ఎవల్యూషన్’ సైటు నడిపేవాళ్లు సుమారు 1.2 కోట్ల డాలర్ల బిట్‌కాయిన్లతో మాయమయ్యారు. కొన్నవాళ్లే కాదు, అమ్మేవాళ్లూ మునిగారు. కొన్నదే చట్టవిరుద్ధమైన సరుకైతే పోలీస్ స్టేషన్‌కి ఏ మొహంతో వెళ్తారు? మోసగాడి ధీమా అదే.

పాత సెల్లర్, మంచి పేరుంది కదా అంటారా? ఆ పేరే వాడి పెట్టుబడి. కొన్నాళ్లు సరిగ్గా పంపి, ఒకరోజు ‘డబ్బు ముందే రిలీజ్ చేయండి, డిస్కౌంట్ ఇస్తా’ అని ఆర్డర్లన్నీ పోగేసుకుని కనబడకుండా పోతాడు.

‘హాన్సా’ కథ ఇంకా విచిత్రం. 2017లో జూన్ 20 నుంచి దాదాపు నెలరోజులు ఆ సైటుని రహస్యంగా నడిపింది నెదర్లాండ్స్ పోలీసులు! జూలైలో ‘ఆల్ఫాబే’ మూతపడగానే, ఇది సేఫ్ అనుకుని జనం హాన్సాకి పరిగెత్తారు. తమ అడ్రసులు తామే టైప్ చేసి ఇచ్చారు. అలా సుమారు 10,000 మంది విదేశీ కొనుగోలుదారుల చిరునామాలు యూరోపోల్‌కి చేరాయి.