గంజాయి సారం... గాయపడ్డ మెదడుకు మందా?

తలకు దెబ్బ తగిలి బతికి బయటపడ్డ మనిషి మునుపటి మనిషి కాకపోతే? ఆ ఇంటివాళ్లు తొక్కని గడప ఉండదు, అడగని మందు ఉండదు. ఆ వెతుకులాటలో ఈమధ్య తరచూ వినిపిస్తున్న పేరు... గంజాయి!

కంకిపాడు దగ్గర ఓ పల్లె. వరికోతల రోజుల్లో ఓ సాయంత్రం బందరు రోడ్డు మీద బైకు జారి పడ్డాడా ఇంటాయన. హెల్మెట్ ఇంట్లో మేకుకు వేలాడుతోంది. 108 వచ్చింది. విజయవాడ తీసుకెళ్లారు. ఆపరేషన్ అయింది. మూడు వారాలకు ఇంటికొచ్చాడు. గండం గడిచిందన్నారు ఊళ్లోవాళ్లు.

‘గండం గడిచిన మాట నిజమేనండీ. అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది’ అంటుంది భార్య. రాత్రిళ్లు నిద్ర ఉండదు. చిన్నమాటకే ఇంతెత్తున లేస్తాడు. ఎడమచెయ్యి కొయ్యలా బిగుసుకుపోతుంది. రెండుసార్లు మూర్ఛ వచ్చింది. పొద్దున ఏం తిన్నాడో మధ్యాహ్నానికి గుర్తుండదు.

మాటల మధ్యలో లేచివెళ్లి బీరువా మీంచి ఓ చిన్న సీసా తెచ్చి చూపించిందామె. దాని మీద ఆకు బొమ్మ. హైదరాబాద్‌లో ఉండే మరిది ఇంటర్నెట్‌లో తెప్పించి పంపాడట. ‘గంజాయి ఆకు నూనెంటండీ. నాలుక కింద రెండు చుక్కలు వేస్తే మెదడు బాగవుతుందని ఫోన్లో ఏదో వీడియో కూడా పంపాడు. వెయ్యొచ్చంటారా?’

సూటి ప్రశ్న. జవాబు మాత్రం అంత సూటిగా లేదు.

మన పొలాల్లోనే పండింది!

గంజాయి అనగానే మనకి గుర్తొచ్చేది మన్యం కొండలూ, హైవే మీద పోలీసుల తనిఖీలూ. కానీ ఈ మొక్క ఒకప్పుడు డెల్టా పొలాల్లోనే పెరిగిందంటే నమ్మడం కష్టం. 1893లో ఆంగ్లేయ ప్రభుత్వం గంజాయి మీద ఓ విచారణ సంఘాన్ని వేసింది. దాదాపు 1,200 మంది సాక్షుల్ని విచారించిన ఆ సంఘం నివేదికలో మద్రాసు రాజధానిలో గంజాయి పండే చోట్ల ప్రస్తావన ఉంది. అందులో ఒకటి అప్పటి కృష్ణా జిల్లా బాపట్ల తాలూకాలోని సంతరావూరు ప్రాంతం. గుంటూరు జిల్లా అప్పటికింకా విడిపోలేదు మరి.

మందుగా వాడకం అంతకంటే పాతది. ఆయుర్వేదంలో ఈ మొక్కకు ‘విజయ’ అని పేరు. (బెజవాడకూ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఎవరూ చుట్టరికం కలపక్కర్లేదు!) 1839లో కలకత్తాలో ఓషానెసీ అనే ఆంగ్ల ప్రభుత్వ వైద్యుడు ఫిట్స్‌తో కొట్టుకుంటున్న నలభై రోజుల పసిపాపకు గంజాయి టించర్ ఇచ్చి చూశాడు. పాప కోలుకుంది. ఆయన రాసిన పత్రంతోనే ఈ మందు యూరప్ వైద్యుల దృష్టిలో పడింది.

మెదడులోనే ‘ఆనందం’

ఇజ్రాయెల్ శాస్త్రవేత్త రాఫెల్ మెషూలమ్ 1964లో గంజాయిలో మత్తెక్కించే పదార్థాన్ని విడదీశాడు. దాన్నే టీహెచ్‌సీ అంటున్నారు. మత్తు లేని మరో పదార్థం సీబీడీ. పరిశోధన కోసం ఆయన పోలీసుల దగ్గర అయిదు కిలోల హషీష్ తీసుకుని, సంచిలో పెట్టుకుని మామూలు బస్సులో వెళ్లాడట. బస్సంతా వాసనే!

అసలు వింత 1992లో బయటపడింది. గంజాయి పనిచేసే చోటే పనిచేసే పదార్థం ఒకటి మెదడులో సహజంగానే తయారవుతోందని మెషూలమ్ బృందం కనిపెట్టింది. దానికి సంస్కృతంలోంచి తీసుకుని పెట్టిన పేరు ‘ఆనందమైడ్’. మూడేళ్లకు దానికో తోబుట్టువు దొరికింది, పేరు 2-ఏజీ. ఇదే మన కథకు కీలకం.

తలకు దెబ్బ తగిలినప్పుడు నష్టమంతా ఆ క్షణంలోనే అయిపోదు. బుడమేరు గండి సంగతి విజయవాడ వాళ్లకు చెప్పాలా? 2024 సెప్టెంబరులో నీళ్లు వచ్చిపడ్డ పూట కంటే, రోజుల తరబడి నిలిచిపోయిన నీటితోనే సింగ్‌నగర్ ఎక్కువ నష్టపోయింది. మెదడులోనూ అంతే. దెబ్బతిన్న కణాల నుంచి గ్లుటమేట్ అనే రసాయనం పొంగి పక్క కణాల్ని చంపుతుంది. వాపు వస్తుంది. రక్తప్రసారం తగ్గుతుంది. గంటల నుంచి రోజుల వరకూ సాగే ఈ రెండో దెబ్బను ఆపగలిగితే చాలా మెదడు మిగులుతుంది.

తల మీద దెబ్బ తగిలిన ఎలుకల మెదళ్లలో 2-ఏజీ అమాంతం పెరుగుతోందనీ, బయటినుంచి మరికొంత ఇస్తే వాపు తగ్గి ఎలుకలు బాగా కోలుకుంటున్నాయనీ 2001లో జెరూసలేం పరిశోధకులు ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు. అంటే గాయం నుంచి కాపాడుకోవడానికి మెదడు తన మందు తానే తయారుచేసుకుంటోందన్నమాట.

ఎలుక నెగ్గింది... మరి మనిషి?

అక్కడే ఆగిపోయి ఉంటే మరిది పంపిన వీడియో నిజమే అనుకోవచ్చు. ఆగలేదు. డెక్సనాబినాల్ అనే మందును మనుషుల మీద పరీక్షించారు. గంజాయి పదార్థాన్ని నమూనాగా తీసుకుని ప్రయోగశాలలో తయారుచేసిందది, మత్తు ఉండదు. 15 దేశాలు, 86 ఆసుపత్రులు, తలకు తీవ్రమైన గాయాలైన 861 మంది. దెబ్బ తగిలిన ఆరు గంటల్లోపు సగంమందికి మందు, సగంమందికి ఉత్తుత్తి మందు. ఆరు నెలల తర్వాత చూస్తే కోలుకోనివాళ్లు మందు తీసుకున్నవారిలో 50 శాతం, తీసుకోనివారిలో 51 శాతం. ఆ ఫలితాలు 2006లో వచ్చాయి. ప్రాణాపాయమేమీ జరగలేదు, ప్రయోజనమూ లేదు.

ఎందుకిలా? ప్రయోగశాలలో ఎలుకలన్నీ ఒకే వయసువి. దెబ్బ ఒకే చోట, ఒకే బరువుతో. మందు క్షణాల మీద అందుతుంది. మనుషులు అలా కాదు కదా! ఒకరు కాలువగట్టు మీద బండితో పడతారు, ఇంకొకరు తాటిచెట్టు మీంచి, మరొకరు గడ్డిబండి మీంచి. ఒకరికి ఇరవై ఏళ్లు, ఒకరికి అరవై, బీపీ, షుగరూ.

ఆశ మళ్లీ చిగురించింది 2014లో. తలకు గాయమై లాస్ ఏంజెలిస్ ప్రాంతంలోని ఓ ఆసుపత్రిలో చేరిన 446 మంది రికార్డులు చూస్తే, ఒంట్లో టీహెచ్‌సీ ఉన్న 82 మందిలో మరణాలు 2.4 శాతం, మిగతావారిలో 11.5 శాతం. ఇంటర్నెట్‌లో తిరిగే వీడియోలకు మూలం చాలావరకు ఇలాంటి అంకెలే. కానీ ఇది మందు ఇచ్చి చూసిన పరీక్ష కాదు, పాత రికార్డుల లెక్క. పైగా అందులో చూసింది చావుబతుకులనే తప్ప, బతికినవాళ్ల జ్ఞాపకశక్తి సంగతి కాదు. కంకిపాడు ఇల్లాలు అడుగుతున్నది ఆ రెండోదే.

తలగాయాల వైద్యం గతంలోనూ ఇలాగే దెబ్బతింది. స్టెరాయిడ్లు ఇస్తే వాపు తగ్గుతుందని చాలా ఏళ్లు వాడారు. 10,008 మంది మీద జరిపిన ‘క్రాష్’ పరీక్ష 2004లో తేల్చిందేమిటంటే... స్టెరాయిడ్లతో మరణాలు పెరిగాయి! తర్కానికి అందిందల్లా మందు కాదు.

మరి ఆ సీసా?

గంజాయి మొక్క నుంచి వచ్చిన మందులు కొన్ని రుజువై, ఆమోదం పొందిన మాటా నిజమే. పిల్లల్లో వచ్చే కొన్ని అరుదైన మూర్ఛలకు సీబీడీ మందును అమెరికా 2018లో అనుమతించింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ రోగుల్లో కండరాల బిగుతు తగ్గించే స్ప్రేకు బ్రిటన్ 2010లో ఓకే చెప్పింది. మూర్ఛ, బిగుతు తలగాయం తర్వాతా వస్తాయి కాబట్టి పరిశోధకులు వదలట్లేదు. కానీ తలగాయానికని ఆమోదం పొందిన గంజాయి మందు మాత్రం ఒక్కటీ లేదు.

చట్టం సంగతీ చెప్పుకోవాలి. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం గంజాయి మొక్క పూతనూ, జిగురునూ నిషేధించింది. పూత లేని ఆకునూ, గింజనూ గంజాయి నిర్వచనంలో చేర్చలేదు. ఆ సందులోంచే ‘విజయ’ ఆకు సారం ఆయుష్ లైసెన్సులతో మార్కెట్లోకి వచ్చింది. ఆయుర్వేద మందుల నిబంధనల్లో ఇది వైద్య పర్యవేక్షణలోనే వాడాల్సిన విషపదార్థాల పట్టికలో ఉంది. సీసా కొనేటప్పుడు ఆ మాట ఎంతమందికి తెలుస్తోందో!

ఇంకో చిక్కుంది. ఆ ఇంటాయన మూర్ఛకు వాడుతున్నది వాల్‌ప్రోయేట్. దాంతోపాటు సీబీడీ ఎక్కువ మోతాదులో పడితే కాలేయం దెబ్బతినే ప్రమాదముంది. క్లోబజామ్ వాడేవాళ్లకైతే మత్తుగా నిద్ర ముంచుకొస్తుంది. రక్తం పలచబడే వార్ఫరిన్ మాత్రలతోనూ పేచీయే. ఇక ఆకు బదులు పూత చేరి టీహెచ్‌సీ ఎక్కువైతే జ్ఞాపకశక్తి ఇంకా మందగిస్తుంది. అసలే మరుపుతో బాధపడుతున్న మనిషికి!

ఇదంతా విన్న ఆమె కాసేపు మాట్లాడలేదు. ‘అయితే చేసేదేం లేదా అండీ?’ అంది తర్వాత. ఉంది. చేతికి రోజూ ఫిజియోథెరపీ. మూర్ఛ మాత్రలు పూట తప్పకుండా. కోపమూ నిద్రలేమీ జబ్బులో భాగమేనని, వాటికీ మందులున్నాయని డాక్టరుకు చెప్పుకోవడం. ఇన్నాళ్లూ ఆమె వాటిని తన కర్మ అనుకుని ఎవరికీ చెప్పలేదట.

సీసా మళ్లీ బీరువా మీదకే చేరింది. వచ్చే మంగళవారం సూర్యారావుపేటలో డాక్టరు దగ్గరికి వెళ్తున్నారు. మాత్రల చీటీతోపాటు దాన్నీ సంచిలో వేసుకెళ్తానంది. మూత ఇంకా తియ్యలేదు.