టీకాకు తోడు నిలిచే దేహం

గోదావరికి ఎగువన శబరి, ఇంద్రావతి నదులు పారే అడవిసీమ బస్తర్. ఒకప్పుడు కేరళ రాష్ట్రానికంటె విశాలమైన ఒకే జిల్లాగా ఉండిన ఈ ప్రాంతం నేడు ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలో ఏడు జిల్లాలుగా ఉన్నది. గోండులు, హల్బాలు, భత్రాలు, దక్షిణాన కోయలకు దగ్గరివారైన దోర్లాలు ఇక్కడి ప్రజలు. కోంటా, భోపాలపట్నం ప్రాంతాలలో తెలుగు మాట వినిపిస్తుంది. టీకాల పెట్టె భుజాన వేసుకొని ఈ పల్లెలకు వెళ్ళే ఆరోగ్య కార్యకర్తకు తరచు ఎదురయ్యే ప్రశ్న ఒకటున్నది: బక్కచిక్కిన బిడ్డకు టీకా వేయవచ్చునా? వేసినా ఫలిస్తుందా?

టీకా స్వయంగా రోగంతో పోరాడదు. రోగక్రిమి ఆనవాలును దేహానికి చూపుతుంది. పోరాటం నేర్చుకొనవలసినది దేహమే. తెల్ల రక్తకణాలలో కొన్ని ఆ ఆనవాలును గుర్తించి ప్రతిరక్షకాలను తయారు చేస్తాయి; మరికొన్ని దానిని ఏళ్ళ తరబడి జ్ఞాపకం ఉంచుకుంటాయి. ఈ పనికి మాంసకృత్తులు, విటమినులు కావలెను. కనుక ఆకలి బిడ్డలో టీకా వ్యర్థమని తోచడం సహజం. కాని అది నిజం కాదు. ఒక మోస్తరు పోషకాహార లోపమున్న పిల్లలలో చాలామందికి చాలినన్ని ప్రతిరక్షకాలు ఏర్పడుతున్నవి. లోపం తీవ్రమైనప్పుడే ప్రతిస్పందన కొంత మందగించవచ్చు. అటువంటి బిడ్డను తట్టు వంటి వ్యాధి మరింత సులభంగా బలిగొంటుంది గనుక, టీకా ముందుగా అందవలసినది ఆ బిడ్డకే.

బస్తర్‌కు ప్రత్యేకమైన చిక్కు మలేరియా. ఈ జ్వరం తీవ్రంగా ఉన్న పిల్లలలో మెనింజైటిస్ టీకా వంటి కొన్నింటికి ప్రతిరక్షకాలు తక్కువగా ఏర్పడతాయని ఆఫ్రికాలో 1970ల దశకంలోనే గమనించారు. అన్ని టీకాల విషయంలోనూ ఇట్లు జరుగదు. 2020లో ప్రారంభమైన ‘మలేరియా ముక్త బస్తర్’ ఉద్యమంలో జ్వరం ఉన్నవారికీ లేనివారికీ ఇంటింటా రక్తపరీక్ష చేయగా, ఏ లక్షణమూ లేనివారిలో సైతం మలేరియా క్రిమి బయటపడినది. దోమతెర, సకాలంలో మందు మలేరియానే కాక ఇతర రోగాల టీకాలకూ పరోక్షంగా మేలు చేయగలవు.

నోటిలో వేసే టీకాల కథ వేరు. అవి పనిచేయవలసినది ప్రేగులలో. మూడు మోతాదుల పోలియో చుక్కలు వేసినా భారతీయ శిశువులలో పలువురికి రక్షణ కలగడం లేదని వెల్లూరులో డాక్టర్ టి. జాకబ్ జాన్ ప్రభృతులు ఏనాడో చూపినారు. ప్రేగులలో అప్పటికే తిష్ఠవేసిన ఇతర వైరసులు, తల్లినుండి సంక్రమించిన ప్రతిరక్షకాలు ఇందుకు కొన్ని కారణాలు. అందుకే మన దేశంలో చుక్కలు మరల మరల వేయవలసి వచ్చినది. 2011 జనవరి తరువాత సహజ పోలియో కేసు కనిపించలేదు. హైదరాబాదులో తయారయ్యే రోటావైరస్ టీకా కూడ మన దేశపు పరీక్షలో తొలి ఏడాది తీవ్రమైన అతిసారాన్ని సుమారు 56 శాతం అరికట్టినది. ఇదే కోవకు చెందిన టీకాలు సంపన్న దేశాలలో 85 శాతానికి పైగా ఫలించినవి. అయినను అతిసారం ఎక్కువగా ఉన్న చోట ఆ 56 శాతమే ఎందరో పసివారిని కాపాడుతుంది. శుభ్రమైన త్రాగునీరు, మరుగుదొడ్డి ఉన్నచోట ప్రేగులపై ఈ భారం తగ్గవచ్చు.

పెద్దలకు వేసే హెపటైటిస్-బి టీకా విషయంలో పొగత్రాగడం, స్థూలకాయం, వయసు మీదపడడం ప్రతిస్పందనను తగ్గిస్తాయి. ఏళ్ళ తరబడి అమితంగా త్రాగేవారిలోనూ అంతే. పండుగనాటి జీలుగు కల్లును ఈ లెక్కలో చేర్చడం అన్యాయమే! నిద్ర చాలనివారిలో ప్రతిరక్షకాలు తగ్గినట్లు కొన్ని పరిశోధనలు చెబుతున్నవి.

కొద్దిపాటి జలుబు, విరేచనాలు ఉన్నంత మాత్రాన టీకా వాయిదా వేయనక్కరలేదు; తీవ్రంగా జబ్బుపడిన బిడ్డ విషయంలోనే కొన్నాళ్ళు ఆగుతారు. తట్టు-రుబెల్లా టీకా మొదటిసారి 9 నుండి 12 నెలల మధ్య, రెండవసారి 16 నుండి 24 నెలల మధ్య వేస్తారు. మొదటి మోతాదు ఫలించని కొద్దిమందికి రక్షణ కల్పించేది ఆ రెండవ మోతాదే గనుక, కార్యకర్త తల్లి చేతిలోని కార్డుపై తరువాతి తేదీ వ్రాసి, అది ఏ సంత వారమో కూడ చెప్పి పంపడం మంచిది.