చెరువు గట్టున సెలవులు: కాపలా ఎవరిది?

ఒకప్పుడు మన కుటుంబాలకు సెలవులంటే నానీ ఇల్లు, కాకపోతే దాదీ ఇల్లు. వరండాలో ఒకే చాప మీద పదిమంది పిల్లలు, వారి చుట్టూ అరడజను మంది పెద్దలు. ఏ బిడ్డ ఎటు వెళ్లినా ఎవరో ఒకరి కంటపడేవాడు. ఇప్పుడు ఉమ్మడి ఇళ్లు తగ్గాయి. అపార్టుమెంట్ల నాలుగు గోడల మధ్య పెరుగుతున్న బిడ్డలకు ఆకాశాన్నీ నీటినీ చూపించాలన్న తపనతో తల్లిదండ్రులు రెండు మూడు రోజుల కోసం జలాశయాల ఒడ్డున కాటేజీలకు బయలుదేరుతున్నారు. తెలంగాణ కుటుంబాలకు వీటిలో బాగా పరిచయమైనది ములుగు జిల్లా గోవిందరావుపేట మండలంలోని లక్నవరం.

హైదరాబాద్ నుంచి జాతీయ రహదారిపై వరంగల్, ములుగు దాటి సుమారు 220 కిలోమీటర్లు ప్రయాణిస్తే ఈ చెరువు చేరుకుంటాము. చుట్టూ అడవి, కొండలు, నీటి మధ్య చిన్న చిన్న దీవులు, ఒడ్డును దీవితో కలిపే వేలాడే వంతెన. అది ప్రకృతి సహజంగా ఏర్పడిన సరస్సు కాదు. 13వ శతాబ్దంలో, కాకతీయుల ఏలుబడిలో, కొండల నడుమ కట్ట వేసి నిలిపిన నీరది. నేటికీ దాని కింద పొలాలు పండుతున్నాయి. దారి కాస్త మళ్లితే పాలంపేటలో రామప్ప చెరువు కూడా చూడవచ్చు. అక్కడి ఆలయం 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. దాని గోపురానికి వాడిన ఇటుకలు నీటిమీద తేలేంత తేలికైనవని చెబితే పిల్లలు నమ్మరు. బదులుగా వంద ప్రశ్నలు వేస్తారు. చరిత్ర పాఠం అలా మొదలైతేనే మేలు.

నాలుగేళ్ల బిడ్డకు వేలాడే వంతెన అరగంట వినోదం. గట్టున దొరికిన గులకరాళ్లు రోజంతా వినోదం. రాయి ఎందుకు మునిగింది, ఎండుటాకు ఎందుకు తేలింది, కొంగ ఒంటికాలి మీద ఎందుకు నిలబడింది అని అడుగుతూనే ఉంటారు. సృష్టిని చూసి ఆలోచించమని మన ధర్మం పెద్దలకు పదే పదే చెప్పవలసి వచ్చింది. పిల్లలకు ఆ మాట చెప్పనక్కర లేదు, వారికి వ్యవధి ఇస్తే చాలు. కనుక చూడవలసిన స్థలాల జాబితా చేతపట్టుకొని పసిపిల్లలను ఉదయం నుంచి రాత్రి వరకు తిప్పడం నాకు సమ్మతం కాదు. ఒక్క గట్టు, ఒక్క చెట్టు నీడ, రెండు పూటలు. అంతకు మించి వారు కోరరు.

అయితే ఆ గట్టు నీటి గట్టు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో వెలువరించిన నివేదిక ప్రకారం 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారు. వారిలో దాదాపు నాలుగో వంతు 5 ఏళ్లలోపు పసివారే. 1 నుంచి 4 ఏళ్ల పిల్లల మరణాలకు ప్రధాన కారణాలలో నీట మునగడం నాలుగవది. ఏటా జూలై 25ను ఈ ప్రమాదాల నివారణ దినంగా పాటించాలని ఐక్యరాజ్య సమితి 2021లో తీర్మానించింది. ఆ రోజు మన ఇళ్లలో ఎందరికి గుర్తుంటుందో!

మునిగే బిడ్డ కేకలు వేస్తాడనీ, చేతులు ఊపుతాడనీ, నీళ్లు చిమ్ముతాయనీ మనలో చాలామంది అనుకుంటాము. అది సినిమాలో జరిగే సంగతి. నోరు నీటి మట్టానికి వచ్చి పోతుండగా బిడ్డకు ఊపిరి పీల్చుకోవడానికే వ్యవధి చాలదు, ఇక పిలవడం ఎక్కడిది? చేతులు పైకి లేవవు, నీటిని కిందికి అదుముతూ ఉంటాయి. దూరం నుంచి చూసేవారికి బిడ్డ ఆడుకుంటున్నట్లే కనిపిస్తాడు. ఇదంతా ఒక నిమిషం లోపే ముగిసిపోవచ్చు. పక్కనే కూర్చున్నవారికి సైతం చప్పుడు వినపడదు. ‘అరిస్తే పరుగెత్తుతాను’ అనే ధీమాకు అందుకే ఏ విలువా లేదు.

పైగా చెరువు ఈతకొలను వంటిది కాదు. ఈతకొలనులో నేల కనబడుతుంది, లోతు గోడ మీద రాసి ఉంటుంది. చెరువులో మోకాలి లోతు నుంచి ఒక్క అడుగులో తల మునిగే లోతు రావచ్చు. పూడిక తీసిన చోట గుంతలు ఉంటాయి, వాన పడ్డాక అవి పైకి తెలియవు. కట్టకు పేర్చిన రాళ్ల మీద పాచి పడుతుంది. దాని మీద జారిన పెద్దవారికే పట్టు దొరకదు. అంచున మెత్తటి బురదలో దిగబడిన కాలు పైకి రాదు. నీరు పొలాలకు వెళ్లే తూము దగ్గర పైన నిశ్చలంగా కనిపించినా లోపల లాగుడు ఉంటుంది. మత్తడి దూకుతున్న రోజుల్లో ఆ అంచున నిలబడి ఫొటోలు దిగేవారిని చూస్తే గుండె ఝల్లుమంటుంది. తూము, మత్తడి, రాతి కట్ట. ఈ మూడు చోట్లా పసిపిల్లలకు పని లేదు, పెద్దల చేయి పట్టుకొని ఉన్నా సరే.

మరి బిడ్డను చూస్తున్నది ఎవరు? ఈ ప్రశ్నకు చాలా కుటుంబాలు ఇచ్చే జవాబు ‘అందరం ఉన్నాము కదా’. ప్రమాదం సరిగ్గా అక్కడే ఉంది. అయిదుగురు పెద్దలున్న చోట ప్రతి ఒక్కరూ తక్కిన నలుగురిని నమ్ముకుంటారు. తండ్రి ఫోనులో, మామయ్య మాంసం కాల్చే పొయ్యి దగ్గర, ఫూఫీ మాటల్లో, దాదీ కునుకులో. ఆ కాసేపు బిడ్డకు ఎవరూ లేరు. కాబట్టి కాపలాకు ఒక పేరు ఉండాలి. ‘ఇప్పటి నుంచి అరగంట నేను చూస్తాను’ అని ఒకరు నోటితో అనాలి. ఆ అరగంట వారికి ఫోను లేదు, వంట లేదు, పుస్తకం లేదు. నీటి దగ్గర ఉన్న పసిబిడ్డ వారి చేతికి అందేంత దూరంలోనే ఉండాలి. అరగంట కాగానే మరొకరి పేరు పిలిచి, వారు ‘సరే, నేను చూస్తున్నాను’ అని బదులిచ్చాకే కదలాలి. ఇద్దరు చిన్నపిల్లలుంటే ఇద్దరు పెద్దలు. పదేళ్ల అక్కకు ఈ బాధ్యత అప్పగించడం న్యాయం కాదు, ఆమె కూడా పిల్లే.

ఇక్కడ ఇంకొక సంగతి చెప్పక తప్పదు. పేరు పెట్టని కాపలా చివరకు ఒక్కరి మీదనే పడుతుంది, ఆమె తల్లి. ఇంట్లో వండిపెట్టి, బట్టలు సర్ది, పిల్లల మందులు గుర్తుపెట్టుకొని బయలుదేరిన ఇల్లాలు, చెరువు గట్టుకు వచ్చాక కూడా అదే పని చేస్తుంది, ఈసారి నీటి భయం అదనంగా. మగవారు వంతెన మీద తిరిగి వచ్చి ‘ఎంత హాయిగా ఉందో’ అంటారు. ఆమె ఆ హాయిని చూడనైనా లేదు. దైవప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఏం చేసేవారని అడిగితే, ఇంటివారి పనుల్లో సాయపడుతూ ఉండేవారనీ, నమాజు వేళ కాగానే బయలుదేరేవారనీ హజ్రత్ ఆయిషా (రజి) తెలిపినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ఒక ప్రయాణంలో ఆయన (స) ఆమెతో పరుగు పందెం వేశారని కూడా హదీసు గ్రంథాలలో చదువుతాము. ఈ రెండు సంగతులను కలిపి చూస్తే ఇల్లాలికి సెలవు ఇవ్వడం కొత్తగా నేర్చుకోవలసిన మర్యాద కాదని తెలుస్తుంది. తండ్రి రోజుకు రెండు పూటలు తన పేరున కాపలా తీసుకుంటే బిడ్డకు భద్రత, తల్లికి ఊపిరి, రెండూ ఒకేసారి సమకూరుతాయి.

నమాజు వేళలను కూడా ఈ లెక్కలోకి తీసుకోవాలి. మగవారంతా ఒకేసారి జమాఅత్‌గా నిలబడి, పిల్లలు గడప దాటి పోతే ఎలా? ఇద్దరు ముగ్గురు చదువుతుండగా ఒకరు పిల్లలతో ఉండి తర్వాత చదువుకోవచ్చు. స్త్రీల నమాజు సమయంలో మగవారి వంతు. వుజూ గదిలోని కుళాయి దగ్గరే చేసుకోవడం మంచిది. పెద్దలు చెరువు అంచున వంగి వుజూ చేస్తే, చూసిన పసివాడు మరుసటి పూట ఒంటరిగా అదే చేస్తాడు. హైదరాబాద్ నుంచి వెళ్లినవారికి ఈ ప్రయాణంలో ఖస్ర్ సౌలభ్యం ఉంది. జుహ్ర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు రెండేసి రకాతులు, ఫజ్ర్, మగ్రిబ్ యథాతథం. హనఫీ ఉలమాలు చెప్పే దూరం సుమారు 77 కిలోమీటర్లు కనుక, అటూ ఇటూగా అంతే దూరంలో ఉన్న వరంగల్ వారు తమ ఆలిమ్‌ను ముందుగా అడిగి బయలుదేరాలి. ఖిబ్లా మన ప్రాంతంలో పడమరకు స్వల్పంగా ఉత్తరం వైపు ఉంటుంది. మధ్యాహ్నం దాటాక సూర్యుణ్ణి చూపించి దిక్కులు పోల్చుకోవడం పిల్లలకు అక్కడే నేర్పవచ్చు.

భోజనం గురించి రెండు మాటలు. వంటశాలలో మాంసం ఎక్కడి నుంచి వస్తుందో తెలియనప్పుడు శాకాహారం, కోడిగుడ్లు, ఇంటి నుంచి తెచ్చుకున్న రొట్టెలు, పచ్చళ్లతో మూడు రోజులు సుఖంగా గడుస్తాయి. తాజా చేప దొరికితే అదృష్టం. ముళ్లు తీసి పెట్టే పని మాత్రం మళ్లీ అమ్మకే వదలకండి.

కాటేజీని ఎంచుకునేటప్పుడు నీటికి ఎంత దగ్గరగా ఉంటే అంత గొప్ప అనుకుంటాము. నడక వచ్చిన, మాట వినని వయసు బిడ్డ ఉన్న ఇంటికి నీటి నుంచి కాస్త దూరంగా, వెనక వరుసలో ఉన్న గదే మంచిదని నా అభిప్రాయం. స్త్రీలకు మరుగు కూడా అక్కడే ఎక్కువ. గదిలో అడుగుపెట్టగానే సామాను విప్పకముందే చూడవలసినవి కొన్ని ఉన్నాయి. తలుపు గడియ బిడ్డకు అందని ఎత్తులో ఉందా? వరండా కమ్మీల సందుల్లోంచి బిడ్డ దూరిపోగలడా? స్నానాల గదిలో నిండు బకెట్ ఉంటే వెంటనే ఒంపేయాలి. పాకే బిడ్డకు ఆ కొద్ది నీరు చాలు. ఫోను సిగ్నల్ ఏ మూల అందుతుందో అప్పుడే తెలుసుకోవాలి. పడవ ఎక్కేటప్పుడు బిడ్డ బరువుకు సరిపోయే లైఫ్ జాకెట్ అడగాలి. పెద్దవారి జాకెట్ తొడిగితే బిడ్డ దానిలోంచి జారిపోతాడు. సరైనది లేదంటే పడవ ఎక్కకపోవడమే. పడవవారు విసుక్కున్నా, బంధువులు నవ్వినా సరే. గాలి ఊదిన రబ్బరు చక్రాలు, చేతి పట్టీలు ఆట వస్తువులు మాత్రమే, అవి ప్రాణరక్షణ సాధనాలు కావు.

చీకటి పడే వేళ పిల్లలను ఇంటిపట్టున ఉంచాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. చెరువు గట్టున ఆ ఉపదేశం విలువ కళ్లారా తెలుస్తుంది. సూర్యుడు కొండల వెనక్కి దిగగానే నీరూ నేలా ఒకే రంగులోకి మారిపోతాయి, గట్టు ఎక్కడ ముగిసిందో కనిపించదు, దోమలు, పురుగూ పుట్రా బయలుదేరుతాయి. మగ్రిబ్‌కు ముందే అందరినీ లోపలికి చేర్చి, లెక్క చూసుకొని, గడియ వేయాలి. తర్వాత కథలు చెప్పుకోవచ్చు.

ఇంత జాగ్రత్త తీసుకున్నా ఆపద వస్తే ఏమి చేయాలో తెలిసి ఉండాలి. బిడ్డ కనిపించకపోతే గదుల్లో, కారులో వెతకడం తర్వాత. మొదట నీటి వైపు పరుగెత్తాలి, అక్కడ ప్రతి క్షణం విలువైనది. ఈత రానివారు దూకకుండా తాడు, దుపట్టా, కొమ్మ, ఏది దొరికితే అది అందించాలి. బయటికి తీసిన బిడ్డను తలకిందులుగా వేలాడదీయడం, గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం మన ఊళ్లలో ఇంకా చేస్తుంటారు. వాటివల్ల మేలు లేదు, విలువైన నిమిషాలు పోతాయి. శ్వాస లేకపోతే వెల్లకిలా చదునైన నేల మీద పడుకోబెట్టి, తల కొద్దిగా వెనక్కి వంచి, నోటితో శ్వాస అందించడం మొదటి పని. మొదట 5 శ్వాసలు, అప్పటికీ కదలిక లేకపోతే ఛాతీ మధ్యలో 30 నొక్కులు, 2 శ్వాసలు, మళ్లీ 30 నొక్కులు. మరొకరు అదే సమయంలో 108కి గానీ 112కి గానీ ఫోను చేయాలి. సహాయం అందేదాకా ఆపకూడదు. తేరుకొని లేచి కూర్చున్న బిడ్డను కూడా ఆసుపత్రిలో చూపించాలి, ఊపిరితిత్తుల్లోకి వెళ్లిన నీటి ప్రభావం కొన్ని గంటల తర్వాత బయటపడవచ్చు. ఈ పద్ధతిని చదివి నేర్చుకోవడం కష్టం, చేతితో చేసి నేర్చుకోవాలి. ఇండియన్ రెడ్ క్రాస్ సొసైటీ ప్రథమ చికిత్సలో శిక్షణ ఇస్తుంది. మన మస్జిద్ కమిటీలు, మహిళా బృందాలు ఎండాకాలం సెలవులకు ముందు ఒక పూట ఏర్పాటు చేయించలేవా?

ఆఖరి ఉదయం సంగతి మిగిలింది. గది ఖాళీ చేయవలసిన సమయం దగ్గర పడుతుంది, పెట్టెలు మూయాలి, తడి బట్టలు విడిగా కట్టాలి, డబ్బు చెల్లించాలి, ఎవరి చెప్పు ఎక్కడో వెతకాలి. మూడు రోజులు అలవాటైన గట్టు పిల్లలను మరొక్కసారి పిలుస్తుంది, పెద్దలందరి చేతుల్లో సామాను ఉంటుంది. ఆ గంట ఒకరిని సర్దుడు పని నుంచి పూర్తిగా తప్పించండి. అతను, అవును, ఈసారి అతనే, పిల్లలను కారు దగ్గర చెట్టు కింద కూర్చోబెట్టుకొని, జేబుల్లో దాచిన గులకరాళ్లలో ఏవి ఇంటికి రావాలో, ఏవి ఇక్కడే ఉండాలో వారితో తేలుస్తూ ఉంటాడు.