నెత్తురు పుట్టిల్లు

*ఎముక మజ్జకు పుట్టుక నుంచి చావుదాకా సెలవు లేదు. ముడిసరుకు అందకపోతే మాత్రం ఆ పని కుంటుపడుతుంది. దేశంలో సగానికి పైగా మహిళల్లో రక్తం తక్కువే*

మనిషి ఒక్కసారి ఊపిరి పీల్చి వదిలేసరికి ఒంట్లో దాదాపు కోటి కొత్త ఎర్ర కణాలు తయారవుతాయి. దాదాపు అన్నే పాతవి రాలిపోతాయి. రోజు మొత్తం మీద లెక్కేస్తే సుమారు 20,000 కోట్లు. ఎర్ర కణం ఆయుష్షు 120 రోజులు. గాయమైతే రక్తాన్ని గడ్డ కట్టించే ప్లేట్‌లెట్లది పది రోజుల లోపే. అందుకే మజ్జ ఆగిందంటే మనిషి ఎక్కువ కాలం నిలవడు.

ఈ పని చోటు మారుతూ వస్తుంది. గర్భంలోని పిండానికి మొదట రక్తాన్నిచ్చేది పచ్చసొన సంచి. తర్వాత కాలేయం, ప్లీహం ఆ బాధ్యత తీసుకుంటాయి. పుట్టేనాటికి అది మజ్జ చేతికొస్తుంది. పసిపిల్లల్లో దాదాపు అన్ని ఎముకలూ రక్తాన్ని తయారుచేస్తే, పెద్దల్లో ఆ పని ప్రధానంగా కటి, వెన్ను, రొమ్ము, పక్కటెముకలదే. అన్ని రకాల రక్తకణాలకూ మూలం ఒక్కటే, మజ్జలోని మూలకణం. దాని ఉనికికి 1961లో టొరంటో శాస్త్రవేత్తలు జేమ్స్ టిల్, ఎర్నెస్ట్ మెకల్లక్ ఎలుకలపై ప్రయోగాలతో తొలి ఆధారం చూపారు.

ఎన్ని ఎర్ర కణాలు కావాలో ఆజ్ఞాపించేది మూత్రపిండాలు. ఆక్సిజన్ తగ్గిందనిపిస్తే అవి ఎరిత్రోపొయిటిన్ అనే హార్మోన్ విడుదల చేస్తాయి. కిడ్నీలు చెడినవారు పాలిపోయి కనిపించడానికి ఇదో కారణం.

మజ్జ మహా పొదుపరి. రోజూ కావలసిన 20 మిల్లీగ్రాముల పైచిలుకు ఇనుములో అధిక భాగం చనిపోయిన కణాల నుంచే తిరిగొస్తుంది. తిండి నుంచి ఒంటికి పట్టేది ఒకటి రెండు మిల్లీగ్రాములే. కానీ నెలసరి, కాన్పులతో స్త్రీకి ఆ పొదుపు నిలవదు. అందులోనూ కడుపు నిండా తినేది ఇంట్లో అందరి తర్వాతే అయితే లోటు పూడే దారే ఉండదు.

ఇనుమొక్కటే చాలదు. 1928లో బొంబాయి వచ్చిన బ్రిటిష్ వైద్యురాలు లూసీ విల్స్, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశోధించారు. ఈస్ట్ సారంతో అది నయమవుతోందని 1931లో ప్రకటించారు. అందులోని గుణం ఫోలిక్ ఆమ్లానిదని తర్వాత తేలింది. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలోని అమెరికా బృందం. అది 1945 నాటి మాట. కణం విభజన చెందాలంటే ఫోలిక్ ఆమ్లం తప్పనిసరి. దాన్ని అడ్డుకునే మందునూ సుబ్బారావు బృందమే అందించింది. ఆ మందుతోనే సిడ్నీ ఫార్బర్ 1948లో బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు తాత్కాలిక ఉపశమనం చూపగలిగారు.

ఇంత తెలిసినా దేశంలో పరిస్థితి మారలేదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల మహిళల్లో 53 శాతం మందికి రక్తహీనత ఉంటే, 2019-21 సర్వేలో అది 57 శాతానికి పెరిగింది. అయిదేళ్ల లోపు పిల్లల్లో 67 శాతం. తెలుగు రాష్ట్రాల్లోనూ మహిళల వాటా సగానికి పైమాటే. మలేరియా, నులిపురుగులు, సికిల్ సెల్, తలసీమియా కూడా కారణాలే అయినా ఇనుము లోపానిది పెద్ద వాటా.

2018లో మొదలైన రక్తహీనతా విముక్త భారత్ కార్యక్రమం కింద ఐరన్-ఫోలిక్ ఆమ్లం మాత్రలు ఉచితంగా ఇస్తున్నారు. చిక్కల్లా వాటిని మింగడంలోనే. వికారం పుడుతుందనో, మలం నల్లబడుతోందనో చాలామంది పక్కన పెట్టేస్తారు. టీతో వేసుకుంటే ఇనుము సరిగా ఒంటికి పట్టదు. నిమ్మరసంతో అయితే బాగా పడుతుంది. సరిగ్గా వాడితే నెల తిరిగేసరికి హిమోగ్లోబిన్ పెరగడం కనిపిస్తుంది. నిల్వలు నిండాలంటే మాత్రం ఆ తర్వాతా మూడు నెలలు మానకూడదు. మజ్జ తన పని మానుకోదు. దానికి కావలసిన సరుకు అందించడమే మిగిలింది.