చిన్న యంత్రాలకు సి లైబ్రరీ అమరిక: యూసీలిబ్‌సీ-ఎన్‌జీలో తీసివేతల స్వరూపం

వ్యాససంగ్రహం:
ఎంబెడెడ్ వ్యవస్థల కోసం రూపొందిన సి లైబ్రరీలలో యంత్రానికి అక్కరలేని భాగాలను తొలగించుకొనే వీలుంటుంది. ఆ తొలగింపులన్నీ ఒకే జాతివి కావు. కొన్ని ప్రోగ్రామును కూర్చే దశలోనే బయటపడతాయి. మరికొన్ని యంత్రం వాడుకలోకి వచ్చిన తరువాత, ఎటువంటి హెచ్చరికా లేకుండా ఫలితాలను మారుస్తాయి. యూసీలిబ్‌సీ-ఎన్‌జీ ఆధారంగా ఈ భేదాన్ని వివరించడం, మెమరీ కేటాయింపు, కాలగణన, తెలుగు లిపి ప్రదర్శన అనే అంశాలలో దాని పర్యవసానాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: సి లైబ్రరీ, ఎంబెడెడ్ లినక్స్, యూసీలిబ్‌సీ-ఎన్‌జీ, బిజీబాక్స్, లొకేల్, యూనికోడ్, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం

సి భాషలో రాసిన ప్రోగ్రాము సాధారణంగా కెర్నల్‌తో నేరుగా మాట్లాడదు. దస్త్రాన్ని తెరవడం, మెమరీ కోరడం, అక్షరాలను తెరపై ముద్రించడం వంటి పనులన్నింటికీ మధ్యవర్తి సి లైబ్రరీ. బల్లపై కంప్యూటర్లలో ఈ స్థానం గ్నూ సి లైబ్రరీది. దాని విస్తృతి అక్కడ భారం కాదు. ఇంటి రౌటరు సంగతి వేరు. లింక్‌సిస్ సంస్థ తయారుచేసిన డబ్ల్యుఆర్‌టీ54జీఎల్ రౌటరులో 4 మెగాబైట్ల ఫ్లాష్ మెమరీ, 16 మెగాబైట్ల ర్యామ్ మాత్రమే ఉండేవి. ఆ నాలుగు మెగాబైట్లలోనే కెర్నల్, సి లైబ్రరీ, ఆజ్ఞలు, వెబ్ పుటలు అన్నీ ఇమడాలి. అదే శ్రేణిలోని ఐదో రూపంలో ఫ్లాష్ 2 మెగాబైట్లకు, ర్యామ్ 8 మెగాబైట్లకు తగ్గినప్పుడు లినక్స్‌నే వదిలి వీఎక్స్‌వర్క్స్ అనే వేరొక వ్యవస్థను అందులో పెట్టారు. జాగా కొరత ఎంతటి నిర్ణయానికి దారితీస్తుందో దీనినిబట్టి తెలుస్తుంది.

ఈ కొరతలో నుంచి పుట్టిందే యూసీలిబ్‌సీ. మెమరీ నిర్వహణ విభాగం లేని చిన్న ప్రాసెసర్ల కోసం చేసిన యూసీలినక్స్‌తో దీని చరిత్ర ముడిపడి ఉంది. పేరులోని మొదటి అక్షరం ‘సూక్ష్మ’ అనే అర్థంలో వాడే గ్రీకు అక్షరం ‘మ్యూ’కు ప్రత్యామ్నాయం, రెండవది కంట్రోలర్‌కు సంకేతం. ఎరిక్ ఆండర్సన్ నిర్వహణలో ఇది చాలాకాలం ఎదిగింది. 2012 తరువాత మూలశాఖ నుంచి కొత్త విడుదలలు రాలేదు. వాల్డెమార్ బ్రోడ్‌కార్బ్ దానిని చీల్చి కొనసాగించిన శాఖయే యూసీలిబ్‌సీ-ఎన్‌జీ, దాని 1.0.0 విడుదల 2015లో వచ్చింది.

2. అమరిక విధానం

లినక్స్ కెర్నల్‌ను అమర్చే పద్ధతినే ఈ లైబ్రరీ స్వీకరించింది. మూలపాఠం ఉన్న చోట ‘మేక్ మెనూకాన్ఫిగ్’ అనే ఆజ్ఞ ఇస్తే ఎంపికల పట్టిక తెరుచుకొంటుంది. ప్రాసెసర్ జాతి, కెర్నల్ శీర్షిక దస్త్రాలు ఉన్న చోటు, క్రాస్ కంపైలరు పేరుకు ముందుండే ఉపసర్గ ముందుగా నిర్ణయించవలసినవి. ఆపైన త్రెడ్‌లు, భిన్నసంఖ్యల గణితం, ఐపీవీ6, వైడ్ క్యారెక్టర్లు, లొకేల్ వంటి అంశాలను ఒక్కొక్కటిగా ఉంచడమో తీసివేయడమో చేయవచ్చు. ఎంపికలన్నీ ‘డాట్ కాన్ఫిగ్’ అనే పాఠ్యదస్త్రంలో నమోదవుతాయి. బిల్డ్‌రూట్ వాడేవారు ‘మేక్ యూసీలిబ్‌సీ-మెనూకాన్ఫిగ్’ ద్వారా ఇదే పట్టికను చేరతారు. అసలు బిల్డ్‌రూట్ పుట్టిందే యూసీలిబ్‌సీని పరీక్షించడం కోసం.

డాట్ కాన్ఫిగ్ దస్త్రాన్ని తక్కిన మూలపాఠంతో సమానంగా భద్రపరచడం అవసరం. అది లేకుండా లైబ్రరీ దస్త్రం ఒక్కటే మిగిలితే, దానితో ఏ ప్రోగ్రాము సరిపడుతుందో చెప్పడం కష్టమవుతుంది. ఒకే విడుదలను రెండు విధాలుగా అమర్చినప్పుడు తయారయ్యే రెండు లైబ్రరీలు ఒకదానికొకటి ప్రత్యామ్నాయం కావు. పేరు ఒకటే, సంఖ్య ఒకటే. లోపలి నిర్మాణాల కొలతలు మాత్రం వేరు కావచ్చు. అందువల్ల అమరిక మారిన ప్రతిసారీ లైబ్రరీతోపాటు దానిపై ఆధారపడిన ప్రోగ్రాములన్నింటినీ మొదటినుంచి కంపైల్ చేయాలి. లైబ్రరీని ఒక్కదాన్నే మార్చి, పాత ప్రోగ్రాములు నడుస్తున్నాయి కదా అని తృప్తిపడటం ప్రమాదకరం.

3. పలికే లోపాలు, పలకని లోపాలు

తీసివేసిన అంశం వల్ల కలిగే లోపం ఎప్పుడు బయటపడుతుంది అన్న ప్రశ్న ఆధారంగా ఎంపికలను రెండు వర్గాలుగా చూడవచ్చు. పరిమాణంకన్నా ఈ ప్రశ్నే ముఖ్యమైనది.

మొదటి వర్గానికి మంచి ఉదాహరణ ‘ఫోర్క్’. మెమరీ నిర్వహణ విభాగం లేని ప్రాసెసరుపై నడుస్తున్న ప్రక్రియకు నకలు తీయడం మామూలు పద్ధతిలో సాధ్యం కాదు. అక్కడ ‘వీఫోర్క్’ మాత్రమే లభిస్తుంది. ఫోర్క్‌ను పిలిచే ప్రోగ్రాము లింకరు దశలోనే ఆగిపోతుంది. ఐపీవీ6నో, పాత కాలపు ‘బీకాపీ’, ‘ఇండెక్స్’ వంటి ఫంక్షన్లనో తీసివేసినా సాధారణంగా ఇదే జరుగుతుంది. ఇవి పలికే లోపాలు. వీటి విషయంలో అమరిక చేసేవారు ధైర్యంగా ఉండవచ్చు; తప్పు తీసివేస్తే యంత్రం కర్మాగారం దాటకముందే తెలిసిపోతుంది. బిల్డ్‌రూట్ మరికొంత ముందుగానే హెచ్చరిస్తుంది. ఉదాహరణకు, జీలిబ్ ప్యాకేజీకి వైడ్ క్యారెక్టర్లు, త్రెడ్‌లు ఉన్న పరికరసముదాయం కావాలని పట్టికలోనే చెబుతుంది.

రెండవ వర్గంలో ఫంక్షను ఉంటుంది, కంపైలరు ఒప్పుకొంటుంది, లింకరు ఒప్పుకొంటుంది. ప్రవర్తన మాత్రం మారిపోతుంది. సున్నా బైట్లు కోరుతూ ‘మాలాక్’‌ను పిలిస్తే ఏమి ఇవ్వాలన్నది సి ప్రమాణం లైబ్రరీకే వదిలిపెట్టింది. గ్నూ లైబ్రరీ చెల్లుబాటయ్యే పాయింటరును ఇస్తుంది. యూసీలిబ్‌సీ-ఎన్‌జీలో అందుకోసం ఒక ప్రత్యేక ఎంపిక ఉంది. దానిని ఎంచుకోకపోతే శూన్య పాయింటరు వస్తుంది. ఖాళీ జాబితాకు చోటు కోరి, శూన్యం రాగానే ‘మెమరీ చాలలేదు’ అంటూ ఆగిపోయే ప్రోగ్రాము, మెమరీ పుష్కలంగా ఉన్నప్పటికీ ఆగిపోతుంది. ఈ అనుమానం ఆటోకాన్ఫ్ పరికరంలోకి కూడా వ్యాపించింది. వేరే ప్రాసెసరు కోసం కంపైల్ చేసేటప్పుడు అది మాలాక్ ప్రవర్తనను నడిపి చూడలేదు కనుక చెడునే ఊహించి, పేరును ‘ఆర్‌పీఎల్-మాలాక్’‌గా మార్చేది. ఆ పేరుతో ఫంక్షను లేదన్న లింకరు ఫిర్యాదు ఎంబెడెడ్ రంగంలో పనిచేసినవారికి బాగా పరిచితమే.

లినక్స్ లేని మైక్రోకంట్రోలర్లలో వాడే న్యూలిబ్-నానోలోనూ ఈ జాతి లోపం కనిపిస్తుంది. జాగా ఆదా కోసం అందులో ‘ప్రింట్ఎఫ్’ నుంచి దశాంశ సంఖ్యల ముద్రణను వేరుచేశారు. దానిని ప్రత్యేకంగా లింకు చేయకపోతే ఉష్ణోగ్రత ముద్రించవలసిన చోట ఖాళీ మిగులుతుంది. దోషసందేశం ఏదీ రాదు.

4. మెమరీ కేటాయింపు: ఒక లెక్క

యూసీలిబ్‌సీ-ఎన్‌జీలో మాలాక్‌కు మూడు రూపాలున్నాయి. వాటిలో ‘సింపుల్’ అనేది అతి చిన్నది. ప్రతి కోరికకూ ఎమ్‌మ్యాప్ అనే సిస్టమ్ కాల్ ద్వారా కెర్నల్ నుంచి నేరుగా మెమరీ తెచ్చి, విడుదల చేయగానే తిరిగి ఇచ్చేస్తుంది. ‘స్టాండర్డ్’ రూపానికి డగ్ లీ రచించిన ప్రసిద్ధ కేటాయింపు పద్ధతి మూలం.

చిన్నది అన్న మాటకు ఆకర్షితులై సింపుల్ రూపాన్ని ఎంచుకోవడం సహజం. అయితే కెర్నల్ మెమరీని పుటల లెక్కన ఇస్తుంది. సాధారణంగా ఒక పుట 4096 బైట్లు. ఒక ప్రోగ్రాము 20 బైట్ల చొప్పున వెయ్యి చిన్న ముక్కలు కోరిందనుకొందాం. నిజమైన అవసరం 20,000 బైట్లు. సింపుల్ రూపంలో ప్రతి ముక్కకూ ఒక పుట పోతుంది కనుక 40,96,000 బైట్లు, అంటే దాదాపు 4 మెగాబైట్లు ఖర్చవుతాయి. 16 మెగాబైట్ల యంత్రంలో ఇది నాలుగోవంతు. ఫ్లాష్‌లో కొన్ని కిలోబైట్లు మిగిల్చి ర్యామ్‌లో మెగాబైట్లు పోగొట్టుకొన్నట్లే. వేగం సంగతి సరేసరి. ‘చాలా నెమ్మది’ అని ఆ ఎంపిక సహాయపాఠమే హెచ్చరిస్తుంది. మెమరీని అరుదుగా, పెద్ద ముక్కలుగా కోరే ప్రోగ్రాములకు మాత్రం ఈ రూపం చక్కగా పనికివస్తుంది. ఎంపిక సరైనదా కాదా అన్నది ప్రోగ్రాము నడతను చూస్తేనే తేలుతుంది, లైబ్రరీ పరిమాణాన్ని చూస్తే తేలదు.

5. కాలగణన

32 బిట్ల కాలగణన 2038 జనవరి 19న, భారత కాలమానం ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లతో నిండిపోతుంది. తరువాతి సెకను 1901 డిసెంబరుకు చేరుతుంది. 32 బిట్ల ప్రాసెసర్లపై 64 బిట్ల కాలానికి కావలసిన సిస్టమ్ కాల్స్‌ను లినక్స్ 5.1 కెర్నల్ 2019లో తెచ్చింది. మజల్ అనే మరొక చిన్న సి లైబ్రరీ 2020 నాటి 1.2.0 విడుదలలో ఈ మార్పును అందరికీ వర్తింపజేసింది. యూసీలిబ్‌సీ-ఎన్‌జీ ఇటీవలి విడుదలల్లో దీనిని ఎంపికగా ఉంచింది. గోడలో బిగించిన మీటరు పదిహేనేళ్లు అక్కడే ఉండగలదు కనుక, ఇప్పుడు తయారయ్యే యంత్రానికి ఇది దూరపు సమస్య కాదు.

6. తెలుగు లిపి: ఎక్కడ ఎంత ధర

తీసివేతల పట్టికలో తరచు ముందుగా పోయేది లొకేల్. దానికి కారణం స్పష్టమే. అన్ని లొకేల్‌లతో కలిపి దీనిని చేరిస్తే లైబ్రరీ సుమారు 300 కిలోబైట్లు పెరుగుతుందని ఎంపిక సహాయపాఠం చెబుతుంది. కావలసిన లొకేల్‌లనే జాబితాలో ఉంచి ఈ భారాన్ని తగ్గించుకోవచ్చు.

‘తెలుగు’ అనే మాటను తీసుకొందాం. చదువరికి అందులో మూడక్షరాలు. యూనికోడ్‌లో త, ఎత్వం, ల, ఉత్వం, గ, ఉత్వం అని ఆరు సంకేతాలు. యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతమూ మూడు బైట్లు కనుక మొత్తం పద్దెనిమిది బైట్లు. లొకేల్ ఉన్నా లేకున్నా బైట్లను లెక్కించే ఫంక్షను 18 అనే చెబుతుంది. బైట్లను వైడ్ క్యారెక్టర్లుగా మార్చే ఫంక్షను యూటీఎఫ్-8 లొకేల్‌లో 6 అని చెప్పాలి. లొకేల్ తీసివేసి వైడ్ క్యారెక్టర్లను మాత్రం ఉంచితే, అదే ఫంక్షను మొదటి బైటు వద్దనే ‘చెల్లని వరుస’ అంటూ ఆగిపోతుంది; ఆ స్థితిలో ఆస్కీ పరిధి దాటిన బైటు దానికి తెలియదు. ఇంతకన్నా చిక్కు మరొకటి ఉంది. పరిసర లొకేల్‌ను స్వీకరించమని ప్రోగ్రాము అడిగినప్పుడు లైబ్రరీ విఫలమైనట్లు చెప్పదు. వినియోగదారు తెలుగు లొకేల్‌ను కోరినా, ‘సి’ అనే మూల లొకేల్‌ను విజయవంతంగా అమర్చినట్లు బదులిస్తుంది. వైడ్ క్యారెక్టర్లను కూడా పూర్తిగా తీసివేసి ఉంటే లింకరు పలికేది. సగం ఉంచడమే నిశ్శబ్దానికి దారితీసింది.

ఈ 300 కిలోబైట్లను తప్పించుకొంటూనే తెలుగు దస్త్రనామాలను చూపే దారి ఉందా? చిన్న లినక్స్ యంత్రాలలో ఆజ్ఞలను అందించే బిజీబాక్స్ యూటీఎఫ్-8ను సొంతంగా చదువగలదు. సి లైబ్రరీ లొకేల్‌పై ఆధారపడనవసరం లేదు. కాని అక్కడా ఒక సంఖ్య అడ్డుపడుతుంది. చూపదగిన గరిష్ఠ యూనికోడ్ విలువ బిజీబాక్స్‌లో అప్రమేయంగా 767. తెలుగు సంకేతాల పరిధి 3072 నుంచి 3199 వరకు. అంటే తెలుగు పేరున్న దస్త్రాలతో యూఎస్‌బీ డ్రైవును రౌటరుకు తగిలించి జాబితా అడిగితే, ‘తెలుగు’ స్థానంలో ఆరు ప్రశ్నార్థకాలు కనిపిస్తాయి. దస్త్రం చెడిపోలేదు, పేరూ చెడిపోలేదు, ప్రదర్శనే నిరాకరించింది.

767 ఎందుకు? ఆ విలువ లోపల లాటిన్ అక్షరాలు ఉన్నాయి, ముందు అక్షరానికి అతుక్కొనే గుర్తులు లేవు. వాటిని గుర్తించే పట్టిక అక్కరలేదు కనుక సుమారు 700 బైట్లు మిగులుతాయని ఎంపిక వివరణ. గరిష్ఠాన్ని 4351కి పెంచితే మిగిలేది సుమారు 300 బైట్లు. ఈ రెండింటి తేడా 400 బైట్లు మాత్రమే. ఆ మేరకు తెలుగుతోపాటు ఇతర భారతీయ లిపులూ పరిధిలోకి వస్తాయి.

అంతటితో పని పూర్తికాదు. వెడల్పు లేని గుర్తులను అనుమతించే ఎంపిక వేరుగా ఉంది, అదీ అప్రమేయంగా మూసి ఉంటుంది. యూనికోడ్ వర్గీకరణలో ఎత్వానికి వెడల్పు లేదు, ఉత్వానికి ఉంది. తెలుగు వ్యాకరణం దృష్ట్యా రెండూ అచ్చుల గుణింతపు గుర్తులే. ఈ భేదం గుర్తు అక్షరం పక్కన చోటు తీసుకొంటుందా లేదా అన్న చూపును బట్టి చేసినది. ఫలితంగా గరిష్ఠాన్ని పెంచి ఈ రెండవ ఎంపికను మరచిపోతే తెరపై ‘త?లుగు’ అని వస్తుంది. రెండూ తెరిచాక సంకేతాలన్నీ సరిగా వెలువడతాయి. నిలువు వరుసల లెక్కలో మాత్రం ఆ మాటకు బిజీబాక్స్ ఐదు గడులు కేటాయిస్తుంది. వాటిని మూడక్షరాలుగా కూర్చి చూపడం టెర్మినల్ పని.

ఈ పరిష్కారం బిజీబాక్స్ ఆజ్ఞలకే పరిమితం. అదే యంత్రంలో వైడ్ క్యారెక్టర్లతో పనిచేసే ఎడిటరో, మెనూ ప్రోగ్రామో ఉంటే వాటికి సి లైబ్రరీ లొకేల్ కావలసిందే. అప్పుడు లొకేల్‌ల జాబితాను ఒకటి రెండింటికి కుదించి నిర్మించడం మేలు. యూటీఎఫ్-8 తప్ప మరే బహుబైటు సంకేతపద్ధతినీ ఎరుగని, దానిని తీసివేసే ఎంపికనూ ఇవ్వని మజల్‌కు మారడం మరొక మార్గం. రౌటర్ల కోసం రూపొందిన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ 2015లో యూసీలిబ్‌సీని విడిచి మజల్‌నే తన ప్రధాన సి లైబ్రరీగా స్వీకరించింది.