మీకు తెలుసా? జ్వరం లేని మలేరియా!

జ్వరం రాకుండా, మైక్రోస్కోపుకు చిక్కకుండా ఒంట్లో దాగిన మలేరియా కూడా దోమ ద్వారా మరొకరికి సోకగలదు!

• మైక్రోస్కోపులో కనబడాలంటే మైక్రోలీటరు రక్తంలో సాధారణంగా 50 పరాన్నజీవులైనా ఉండాలి. పీసీఆర్ అనే డీఎన్ఏ పరీక్షకు ఒకటి రెండున్నా చాలు. ఈ పరీక్షలో దఫదఫాకూ రెట్టింపవుతూ, 30 దఫాల్లో ఒక్క డీఎన్ఏ ముక్క 100 కోట్లు దాటుతుంది.

• పల్లెల్లో సర్వే చేసేటప్పుడు వేలి నుంచి తీసిన రక్తపు చుక్కను ఫిల్టర్ పేపరుపై ఆరబెట్టి, ఐస్ పెట్టె లేకుండానే పీసీఆర్ కోసం ల్యాబుకు పంపవచ్చు.

• దోమలో మలేరియా పరాన్నజీవిని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వాసులకు ఓ మాట: జ్వరమొస్తే మామూలు స్లైడు (మైక్రోస్కోపు) పరీక్షో, కార్డు (ర్యాపిడ్) పరీక్షో వెంటనే చేయించుకోండి.